నాలుగున్నర టీ: షుగర్ వచ్చిన ఒక స్పిట్జ్, దాన్ని సాకే అమ్మ

చెన్నై విల్లివాక్కంలో చిన్న వెటర్నరీ క్లినిక్ నడుపుతున్నాను. ఈ కేసు 2023 ఆగస్టులో నా దగ్గరకు వచ్చింది. ఇంకా నడుస్తూనే ఉంది. వైద్యం వరకు చూస్తే ఇందులో కొత్త మందు లేదు, అరుదైన జబ్బు లేదు. కుక్కల్లో షుగర్ మేమంతా చూసేదే. అయినా కేసు షీట్ మీద నేను అడిగే ప్రశ్నలు మారిపోయింది మాత్రం ఈ కేసుతోనే. అందుకే పూర్తిగా రాస్తున్నాను. ఆవిడను అడిగి, ఒప్పుకున్నాకే రాస్తున్నాను. గుర్తుపట్టే వివరాలు మార్చాను. కుక్క అసలు పేరు కూడా ఇది కాదు, బుజ్జి అనుకుందాం.

మొదటి రోజు

బుజ్జి తొమ్మిదేళ్ల ఆడ స్పిట్జ్. మన ఇళ్లలో పొమేరియన్ అని పిలుచుకునే తెల్లటి బొచ్చు కుక్క. తెచ్చినావిడకు 68 ఏళ్లు. సొంతూరు కావలి దగ్గర, పెళ్లయి మద్రాసు వచ్చి నలభై ఏళ్లు దాటింది. భర్త కోచ్ ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరయ్యారు. ఆ జనవరిలోనే పోయారు. కూతురు షోలింగనల్లూరులో ఐటీ ఉద్యోగం, ఆదివారాలు వచ్చి వెళ్తుంది. ఇంట్లో ఉండేది ఆవిడ, బుజ్జి.

"నీళ్లు తెగ తాగతా ఉంది డాక్టరమ్మా. హాల్లోనే పోసేస్తా ఉంది. ఎప్పుడూ అట్టా చేసేది కాదు. తిండి బాగానే తింటది, కానీ చూడండి ఎట్టా చిక్కిపోయిందో."

తెగ దాహం, తెగ మూత్రం, తింటున్నా బరువు తగ్గడం. ఈ మూడూ ఒకే నోట వింటే పరీక్షకు ముందే సగం తెలిసిపోతుంది. అంతకుముందు ఏడాది టీకాకు వచ్చినప్పుడు బరువు 9.4 కిలోలు, ఆ రోజు 7.8. రక్తంలో గ్లూకోజ్ 436. కుక్కకు మామూలుగా 80 నుంచి 120 మధ్య ఉంటుంది. దాదాపు 200 దాటితే కిడ్నీలు పట్టి ఉంచలేక మూత్రంలోకి వదిలేస్తాయి. ఆ చక్కెర తన వెంట నీళ్లను లాక్కుపోతుంది, అందుకే ఆ దాహం. మూత్రంలో షుగర్ నిండుగా ఉంది. షుగర్ ముదిరితే మూత్రంలో కనిపించే కీటోన్లు లేవు, అదొక్కటే ఊరట.

పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించని ఆడకుక్క, ఆరు వారాల కింద హీట్‌కు, అంటే ఎదకు వచ్చి పోయింది. ఇది ముఖ్యమైన సంగతి. హీట్ అయిపోయాక రెండు నెలలపాటు ఒంట్లో ప్రొజెస్టిరాన్ అనే హార్మోన్ ఎక్కువగా ఉంటుంది. దాని ప్రభావంతో కుక్కల్లో రొమ్ము గ్రంథులు గ్రోత్ హార్మోన్‌ను విడుదల చేస్తాయి. అది ఇన్సులిన్ పనిని అడ్డుకుంటుంది. కాబట్టి గర్భసంచి, అండాశయాలు తీసేయడం కూడా షుగర్ వైద్యంలో భాగమే. తీయకపోతే ప్రతి హీట్‌కీ కథ మొదటికి వస్తుంది.

ఇదంతా ఆవిడకు చెప్పాను. ఇన్సులిన్ రోజుకు రెండుసార్లు, ఉదయం ఏడుకు, సాయంత్రం ఏడుకు, రెండు యూనిట్లతో మొదలు. ముందు తిండి, తిన్నాకే సూది. తినకపోతే సూది వేయకుండా నాకు ఫోన్ చేయాలి. చిరుతిళ్లు బంద్. అన్నీ విని తల ఊపింది. ఆపరేషన్ మాట వచ్చేసరికి మాత్రం బుజ్జిని ఒళ్లోకి లాక్కుని "అదొద్దమ్మా, ఇంకేదన్నా చూడండి" అంది. ఎందుకు వద్దో నేను అడగలేదు. బయట ఇంకా ఆరుగురు కూర్చుని ఉన్నారు. హార్మోన్ల సంగతి ఇంకోసారి వివరించి పంపించాను. కేసు షీట్ మీద "యజమాని సర్జరీకి ఒప్పుకోలేదు" అని రాసుకున్నాను. ఇప్పుడు ఆ వాక్యం చూస్తే బాధగా ఉంటుంది.

క్లినిక్‌లో ఒక లెక్క, ఇంట్లో ఒక లెక్క

రెండు వారాల తర్వాత బుజ్జిని పొద్దుటి నుంచి సాయంత్రం దాకా క్లినిక్‌లో ఉంచి రెండు గంటలకోసారి షుగర్ చూశాం. రెండు యూనిట్లు చాలడం లేదు, మూడు చేశాం. ఇంకో పది రోజులకు మళ్లీ చూస్తే లెక్క చక్కగా వచ్చింది. ఉదయం 318, మధ్యాహ్నం ఒంటిగంటకు 142, సాయంత్రం ఏడుకు 290. పుస్తకంలో గీసినట్టు కిందికి దిగి మళ్లీ పైకి లేచిన గీత. చాలా సంతోషపడ్డాను.

కానీ ఇంట్లో బుజ్జి తాగే నీళ్లు తగ్గలేదు. నేనిచ్చిన కొలత జాడీతో ఆవిడ రోజూ కొలిచి రాసేది. మొదట 1,150 మిల్లీలీటర్లు ఉన్నది 900 దగ్గర ఆగిపోయింది. ఎనిమిది కిలోలు కూడా లేని కుక్కకు అది చాలా ఎక్కువ. బరువు కూడా పెరగలేదు.

ఇలాంటప్పుడు మొదటి అనుమానం సిరంజీ మీదే. మన దగ్గర ఎక్కువగా దొరికే ఇన్సులిన్ సీసాలో మిల్లీలీటరుకు 40 యూనిట్లు ఉంటాయి. దానికి ఎర్ర మూత సిరంజీ వాడాలి. మందుల షాపులో పొరపాటున నారింజ మూతది, అంటే 100 యూనిట్లది ఇచ్చారనుకోండి, గీత మీద మూడు అని చదివి ఎక్కించినా లోపలికి వెళ్లేది ఒకటింబావు కూడా ఉండదు. తెప్పించి చూశాను. ఎర్ర మూతే. సీసా ఫ్రిజ్ తలుపులోనే పెడుతోంది, డీప్ ఫ్రీజర్‌లో కాదు. కలిపి చూపించమన్నాను. ఆ ఇన్సులిన్‌ను గిలకొట్టకూడదు, మెల్లగా దొర్లించాలి. ఆవిడ సీసాను రెండు అరచేతుల మధ్య పెట్టి నెమ్మదిగా దొర్లించింది. "దీపం వత్తులు చేసినట్టేగదా డాక్టరమ్మా" అంది. ఆ రోజు నుంచి నేను ప్రతి ఇంటివాళ్లకూ అదే మాట చెప్పి నేర్పిస్తున్నాను. నా పదేళ్ల వివరణకంటే బాగా అర్థమవుతోంది.

సూది తప్పు కాదు, మందు తప్పు కాదు. "చిరుతిళ్లేమన్నా పెడుతున్నారా అమ్మా?" అంటే "లేదు, మీరొద్దన్నారు గదా" అంది. అబద్ధం చెప్పే మనిషి కాదని మొహం చూస్తేనే తెలుస్తుంది. సెప్టెంబరు మధ్యలో ఒక సాయంత్రం, వీధి చివర ఇంకో కేసు చూసి వస్తూ వాళ్లింటికి వెళ్లాను.

నాలుగున్నర

రెండో అంతస్తు. గేటు తీస్తుంటేనే బుజ్జి అరిచింది. హాల్లో కిటికీ పక్కన ఒక పాత ఈజీ చెయిర్, దాని ఎదురుగా ఒక స్టూలు. ఆవిడ నాకు కుర్చీ వేసి టీ పెట్టడానికి లోపలికి వెళ్లింది. వచ్చేటప్పుడు పళ్లెంలో మూడు స్టీలు గ్లాసులు. ఒకటి నాకు, ఒకటి తనకు. మూడోది తీసుకెళ్లి ఈజీ చెయిర్ పక్కన స్టూలు మీద పెట్టింది. గ్లాసు అడుగు స్టూలుకు తగిలి టంగుమంది. ఆ చప్పుడుకు ఎక్కడో మంచం కింద ఉన్న బుజ్జి పరుగున వచ్చి ఈజీ చెయిర్ ముందు కూర్చుంది. ఖాళీ కుర్చీ వైపు తలెత్తి చూస్తోంది.

ఆవిడ మారీ బిస్కెట్ తీసి రెండు ముక్కలు చేసి, ఆ మూడో గ్లాసులోని టీలో ముంచి, కుర్చీ చేతి మీద పెట్టింది. బుజ్జి అక్కడి నుంచి తీసుకుని తింది. మళ్లీ ఇంకోటి. మొత్తం నాలుగు బిస్కెట్లు, పంచదార వేసిన టీతో సహా.

నేనేమీ అనలేదు. నా మొహం చూసి ఆవిడకే అర్థమైంది.

"ఇది నేను పెట్టేది కాదమ్మా," అంది. "ఆయన పెట్టేది."

తొమ్మిదేళ్లుగా ప్రతి సాయంత్రం నాలుగున్నరకు ఆ మనిషి ఆ కుర్చీలో కూర్చుని, తన టీలో బిస్కెట్ ముంచి దీనికి పెట్టేవాడట. ఆయన పోయిన మొదటి వారం బుజ్జి ఆ వేళకు వచ్చి కుర్చీ ముందు చాలాసేపు కూర్చునేదట. ఆవిడ చూడలేక గ్లాసు పెట్టడం మొదలుపెట్టింది. అప్పటి నుంచి ఒక్క రోజూ ఆగలేదు. క్లినిక్‌లో ఉన్న రోజున లెక్క అంత చక్కగా రావడానికి కారణం మా దగ్గర ఆ టీ లేకపోవడమే.

నేను మద్రాస్ వెటర్నరీ కాలేజీలో చదువుకున్నాను. 1903లో మొదలైన ఆ కాలేజీలో మాకు హిస్టరీ తీసుకోవడం, అంటే జబ్బు వెనక సంగతులు అడిగి తెలుసుకోవడం, చాలా శ్రద్ధగా నేర్పారు. వయసు, టీకాలు, తిండి, హీట్, పాత జబ్బులు. ఆ ప్రశ్నలన్నీ నేనడిగాను. ఇంట్లో ఎవరైనా పోయారా, వాళ్లకూ దీనికీ మధ్య రోజూ జరిగేదేమిటి, ఇప్పుడది ఎవరు చేస్తున్నారు అని మాత్రం అడగలేదు. తిండి గురించి అడిగినప్పుడు ఆవిడ తను పెట్టేదే చెప్పింది. అడిగిన ప్రశ్నకు నిజమైన జవాబే ఇచ్చింది.

చాలామంది ఇలాంటి చోట ప్రేమ ఎక్కువైందని విసుక్కుంటారు. నేనూ అంతకుముందు విసుక్కున్నదాన్నే. ఇప్పుడలా అనను. కుక్కకు మనిషితో ఉన్న బంధం పసిపిల్లకు తల్లితో ఉండే బంధం లాంటిదని 1998లో బుడాపెస్ట్ పరిశోధకులు చూపించారు. పసిపిల్లల మీద చేసే పరీక్షనే కుక్కల మీద చేశారు. కొత్త గదిలో తనవాళ్లుంటే కుక్క ధైర్యంగా తిరుగుతుంది, ఆడుతుంది. వాళ్లు లేకపోతే తలుపు దగ్గరే నిలబడుతుంది. 2015లో జపాన్‌లో చేసిన ఇంకో పరిశోధనలో కుక్క, మనిషి ఒకరి కళ్లలోకి ఒకరు ఎక్కువసేపు చూసుకుంటే ఇద్దరిలోనూ ఆక్సిటోసిన్ పెరిగింది. తల్లీబిడ్డల మధ్య పనిచేసే హార్మోన్ అదే. మనుషుల చేతుల్లో పెరిగిన తోడేళ్లలో అది జరగలేదు. ఆ సాయంత్రం ఖాళీ కుర్చీ వైపు తలెత్తి చూస్తున్న బుజ్జిని చూస్తూ ఆ పరిశోధనలన్నీ గుర్తుచేసుకున్నాను.

బిస్కెట్లు మానాలి, సందేహం లేదు. కానీ నాలుగున్నర మానమని చెప్పే హక్కు నాకు లేదనిపించింది. "అమ్మా, గ్లాసు పెట్టండి. చప్పుడు కానివ్వండి. కుర్చీ చేతి మీదే పెట్టండి. పెట్టే వస్తువు మాత్రం మారుద్దాం" అన్నాను. ఫ్రిజ్‌లో కీరా ఉంది. గుండ్రంగా చక్రాలు కోసింది, సరిగ్గా మారీ అంత. మొదటి రోజు బుజ్జి ఒక చక్రం నోట పట్టి కింద వదిలేసి గ్లాసు వైపు చూసిందట. రెండో రోజూ అంతే. మూడో రోజు ఉప్పూ కారం లేకుండా ఉడికించిన చికెన్ నీళ్లలో ముంచి పెడితే తింది. పదో రోజుకు ఉత్త కీరా కూడా కరకరా నమిలింది.

మూడు వారాల్లో నీళ్లు 450 మిల్లీలీటర్లకు దిగాయి. బరువు 8.3 కిలోలు. ఇన్సులిన్ ఒక్క చుక్క పెంచలేదు.

ఆపరేషన్ రోజు

ఆ సాయంత్రమే అసలు ప్రశ్న కూడా అడిగాను, ఆపరేషన్ ఎందుకు వద్దని. ఆయన గుండె ఆపరేషన్‌కు నడుచుకుంటూ లోపలికి వెళ్లారు. బయటికి రాలేదు. వెళ్లేముందు "సాయంత్రానికి దానికి బిస్కెట్లున్నాయో లేదో చూడు" అన్నారట. ఆవిడ విన్న చివరి మాట అది. నేను ఆ రోజు క్లినిక్‌లో ఇలాంటి మనిషికి ప్రొజెస్టిరాన్ గురించి రెండుసార్లు పాఠం చెప్పాను.

ఈసారి హార్మోన్ల మాట ఎత్తలేదు. థియేటర్ తలుపుకు అద్దం ఉంది, మత్తు ఇచ్చేదాకా మీరు పక్కనే ఉండొచ్చు, తర్వాత అద్దంలోంచి చూడొచ్చు, కళ్లు తెరిచేసరికి మళ్లీ పక్కనే ఉండొచ్చు అని చెప్పాను. రెండు రోజులు ఆలోచించి ఒప్పుకుంది. అక్టోబరు చివర్లో తేదీ పెట్టుకున్నాం.

ముందు రాత్రి నుంచి బుజ్జికి తిండి వద్దన్నాను. ఉదయం ఇన్సులిన్ సగమే. ఆవిడ చెప్పినట్టే చేసి తొమ్మిదింటికి వచ్చింది. ముందున్న కేసు ఆలస్యమైంది. పదిన్నరకు మా అసిస్టెంట్ వచ్చి "అమ్మకు ఒళ్లంతా చెమటలు పోస్తున్నాయి" అంది. టెన్షన్ అనుకున్నాను. వెళ్లి చూస్తే చేతులు వణుకుతున్నాయి, మాట తడబడుతోంది. బుజ్జి ఆవిడ చీర కొంగు నోట పట్టుకుని లాగుతోంది. అప్పుడు తట్టింది. కుక్కలకు వాడే గ్లూకోమీటర్ మొదట మనుషుల కోసం తయారైనదే. వేలు గుచ్చి చూస్తే 52.

గ్లూకోజ్ కలిపి తాగించాం. పావుగంటకు తేరుకుంది. ఆవిడకూ షుగర్ ఉంది, పదిహేనేళ్లుగా. పొద్దున ఏడింటికి అలవాటుగా మాత్ర వేసుకుంది. ముందు రాత్రి నుంచి ఏమీ తినలేదు. ఎందుకని అడిగితే, "అది పస్తుంటే నాకు ముద్ద ఎట్టా దిగుతాది?" అంది.

ఆవిడ వేసుకునే రకం మాత్రతో షుగర్ ఒకసారి లేచినా మళ్లీ పడిపోవచ్చు. నేను పశువుల డాక్టర్ని, అక్కడితో వదిలేయకూడదు. కూతురికి ఫోన్ చేసి, అసిస్టెంట్‌ను తోడిచ్చి దగ్గర్లోని ఆసుపత్రికి ఆటోలో పంపాం. సాయంత్రం దాకా అక్కడే ఉంచి పంపించారు. ఆపరేషన్ వారం వాయిదా పడింది.

తిన్నాకే మందు అని కుక్క విషయంలో ఆవిడకు పదిసార్లు చెప్పాను. ఆవిడకేమైనా జబ్బుందా అని ఒక్కసారీ అడగలేదు. 2020లో స్వీడన్ పరిశోధకులు లక్షా డెబ్బై అయిదు వేలమందికి పైగా కుక్కల యజమానుల రికార్డులు చూశారు. షుగర్ ఉన్న కుక్కను పెంచేవాళ్లకు, లేని కుక్కను పెంచేవాళ్లకంటే టైప్ 2 షుగర్ వచ్చే ముప్పు 38 శాతం ఎక్కువని తేలింది. పిల్లుల్లో అలాంటి సంబంధం కనిపించలేదు. ఒకే ఇంటి తిండి, ఒకే ఇంటి నడక కదా. నేను అది చదివాను కూడా. చదివింది నా టేబుల్ దగ్గరకు రాలేదు.

తర్వాతి వారం ఆవిడ టిఫిన్ తినే వచ్చిందని కూతురు ఫోన్లో ఖాయం చేశాకే బుజ్జిని థియేటర్‌లోకి తీసుకున్నాం. నలభై నిమిషాలు. ఆవిడ అద్దం దగ్గర నుంచి కదల్లేదు. బుజ్జి కళ్లు తెరిచినప్పుడు ముందు తోక చివర కదిలింది, ఆ తర్వాతే తల. నెల లోపల ఇన్సులిన్ అవసరం మూడు యూనిట్ల నుంచి రెండుకు తగ్గింది.

డైరీ

ఆపరేషన్ తర్వాత నేను ఒక మార్పు చేశాను. అప్పటిదాకా ఆవిడ బుజ్జి లెక్కలు క్యాలెండర్ వెనక రాసేది. ఇంట్లో ఆయన వాడకుండా మిగిల్చిన 2019 డైరీ ఉంటే తెప్పించి ప్రతి పేజీ మధ్యలో గీత గీశాను. ఎడమవైపు బుజ్జి, కుడివైపు మీరు. తిండి, మందు, షుగర్. కుడివైపు ఖాళీగా ఉంటే ఎడమవైపు నేను చూడనని చెప్పాను. కొంచెం కఠినమే. కానీ తనకోసం చేసుకోని పని దానికోసం చేస్తుందని అప్పటికి నాకు తెలుసు. ఆరు నెలలకు ఆవిడ తన హెచ్‌బీఏ1సీ, అంటే మూడు నెలల సగటు షుగర్ చెప్పే పరీక్ష, రిపోర్టు తెచ్చి నా టేబుల్ మీద పెట్టింది. 9.1 నుంచి 7.6కు దిగింది. ఆవిడ మందులు మార్చి, చూసుకున్నది ఆవిడ డాక్టరుగారే. డైరీ తెరిచి రాసింది మాత్రం ఆవిడ.

డిసెంబరులో మిచౌంగ్ తుఫాను వచ్చి మా ఏరియా అంతా నీళ్లలో ఉంది. వాళ్ల వీధిలో మూడు రోజులు కరెంటు లేదు. ఆవిడ ఇన్సులిన్ సీసాను ప్లాస్టిక్ కవర్లో చుట్టి మట్టికుండ లోపల పెట్టి, కుండకు తడిగుడ్డ కప్పింది. నెట్‌వర్క్ రాగానే ఫోన్ చేసి ఇలా చేశాను సరేనా అని అడిగింది. సరిగ్గా చేశారమ్మా అన్నాను. ఆ మూడు రోజుల పేజీల్లో కూడా రెండు వైపులా నిండి ఉన్నాయి.

2024 ఫిబ్రవరిలో బుజ్జి కళ్లలో తెలుపు మొదలైంది. షుగర్ ఉన్న కుక్కల్లో ఇది దాదాపు తప్పదు. జబ్బు బయటపడిన ఏడాది తిరిగేసరికి నాలుగింట మూడొంతుల కుక్కలకు శుక్లాలు వస్తాయి. ఎక్కువైన గ్లూకోజ్ కంటి కటకంలో సార్బిటాల్‌గా మారి నీటిని పీల్చుకుంటుంది, కటకం ఉబ్బి పాలరంగులోకి తిరుగుతుంది. ఏప్రిల్‌కు చూపు పూర్తిగా పోయింది. ఆపరేషన్ సంగతి చెప్పాను. ఈసారి ఎందుకు వద్దంటుందో అడిగాను కూడా. "ఇంట్లో దారి దానికి తెలుసు, నేను పక్కనే ఉంటా. ఇంకోసారి పస్తు పెట్టొద్దమ్మా" అంది. నేను ఒత్తిడి చేయలేదు. కంట్లో వాపు రాకుండా చుక్కలు రాసిచ్చాను. ఈ నిర్ణయం సరైనదేనా అని తోటి డాక్టర్లు అడిగారు. బుజ్జి రోజులు ఎలా గడుస్తున్నాయో చూశాను కాబట్టి సరైనదే అంటాను. ఆ ఇంట్లో ఒక్క సామాను చోటు మారలేదు. నడకకు తీసుకెళ్లేటప్పుడు ఆవిడ తాళాల గుత్తి గలగలలాడిస్తూ ముందు నడుస్తుంది, అది వెనక వస్తుంది.

పోయిన వేసవిలో ఒక రోజు డైరీ చూపించడానికి వచ్చి, లేవబోతూ మళ్లీ కూర్చుంది. "నేను ముందు పోతే దీనికి సూది ఎవరేస్తారు డాక్టరమ్మా?"

అలా అనకండి అని కొట్టిపారేయలేదు. అది వైద్యానికి సంబంధించిన ప్రశ్నే. పదో తరగతి చదివే మనవరాలిని ఆ ఆదివారం రమ్మన్నాం. తడి స్పాంజి మీద పదిసార్లు, తర్వాత బుజ్జి మీద. మెడ వెనక చర్మాన్ని గుడారంలా ఎత్తి పట్టుకోవడం, సూది అందులోకి పోనివ్వడం. మొదటిసారి పిల్ల చెయ్యి వణికింది. బుజ్జి అమ్మమ్మ గొంతు వైపు తల తిప్పుకుని కదలకుండా నిలబడింది. కింది వాటాలో ఉండే ఆవిడ కూడా నేర్చుకుంటానని వచ్చింది.

డైరీ చివరి పేజీలో మనవరాలి చేత అన్నీ రాయించాను. రెండు యూనిట్లు, ఎర్ర మూత సిరంజీ, వత్తుల్లా దొర్లించాలి, తిన్నాకే సూది, వణికితే చిగుళ్లకు తేనె రాసి నాకు ఫోన్ చేయాలి. నేను చదివి సంతకం పెట్టి ఇచ్చాను. ఆవిడ ఒకసారి చదువుకుని, పిల్ల చేతిలోంచి పెన్ను తీసుకుని కింద తన చేత్తో ఇంకో రెండు లైన్లు రాసింది.

"నాలుగున్నరకు కీరా. గ్లాసు స్టూలు మీద చప్పుడయ్యేట్టు పెట్టాలి, లేకపోతే దానికి కుర్చీ ఎక్కడుందో తెలీదు."